ఎర్ర టేపు, తెల్ల టేపు

మా హాల్లో ఆమెను అందరం టేపులక్క అనేవాళ్ళం. కోటు జేబులో ఎప్పుడూ రెండు టేపు చుట్టలుండేవి, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. చెవి మీద నల్ల స్కెచ్ పెన్ను. నడుస్తుంటే ఆ చుట్టలు ఒకదానికొకటి తగిలి టకటకమనేవి. ఆ హాలు రొదలో పక్కవాడి కేక కూడా వినబడదు గానీ, అదేమిటో ఆ చప్పుడు మాత్రం వినబడేది.

ఆమె ఏడు చదివింది. నేను ఐదుతో ఆపేశాను. ఎప్పుడైనా ఎదురు చెబితే, "నీకంటే రెండు క్లాసులు పైదాన్నిరా, కాస్త వంగి మాట్లాడు," అనేది. వయసులో కూడా నాలుగేళ్ళు పెద్ద. తోడబుట్టినది కాదు గానీ, తొమ్మిదేళ్ళు ఒకే హాల్లో పక్కపక్కన పనిచేశాక ఆ తేడా ఎక్కడుంటుంది?

ఈ పనికి రాకముందు ఆమె బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ బల్ల దగ్గర ఉండేది. ఒక చొక్కాకి చేతులు ఒక తానులోంచి, కాలరు ఇంకో తానులోంచి వస్తే రంగు తేడా కొడుతుంది. అందుకని కోసిన ప్రతి ముక్క మీదా చిన్న నంబరు చీటీ అంటించేవాళ్ళు. పదేళ్ళు ఆమె చేసిన పని అదే. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక మా దగ్గరికి దుమ్ము తుడవడానికి వచ్చింది.

మా హాలంటే కిటికీల్లేని పెద్ద గది. ఎండాకాలంలో కూడా కోటు వేసుకోవాల్సినంత చలి. అందులో నలభై ఇనప పెట్టెలు, బీరువాలో సొరుగుల్లాగా. ఎత్తడం, దించడం, వైర్లు లాగడం నా పని. ఆ పెట్టెల్లో ఏముంటుందని మొదట్లో ఎవరినడిగినా చెప్పలేదు. తర్వాత తెలిసింది, అన్నీ జనం రిపోర్టులట. రక్తపరీక్షలు, స్కానింగులు, ఎక్స్‌రేలు. ఎక్కడో ఒక డాక్టరు తన గదిలో కూర్చుని బటన్ నొక్కితే, ఆ కాయితం మా పెట్టెల్లోంచి లేచి వెళ్తుంది.

ఒక్కో రిపోర్టు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి ఒక పెట్టెలో, దాని నకలు పక్క పెట్టెలో. ఒకటీ రెండూ జంట, మూడూ నాలుగూ జంట, అలా నలభై దాకా. పెట్టె చచ్చిపోవడం మాకు మామూలే, నెలకి ఒకటైనా పోతుంది. పోయిన దాన్ని లెక్కలోంచి తీసేసి కొత్తది పెడితే, పక్క పెట్టె తన దగ్గరున్న నకళ్ళని దానికి ఇస్తుంది. జరగకూడనిది ఒక్కటే. చచ్చిన పెట్టెకి బదులు దాని జంట పెట్టెని తీసెయ్యకూడదు. అలా చేస్తే రెండూ పోయినట్టే.

ఈ పని కోసం రెండు ప్రోగ్రాములుండేవి. ఏ పెట్టె బతికుందో, ఏది పోయిందో చూపించేది ఒకటి. అది కింద హాల్లో ఉన్న చిన్న స్క్రీన్ మీదే నడిచేది. పెట్టెని లెక్కలోంచి తీసేసేది ఇంకొకటి. దాన్ని పై గదిలో కీబోర్డు ముందు కూర్చున్న మనిషి నడిపేవాడు. టేపులక్క వాటికి పెద్దకోడలు, చిన్నకోడలు అని పేర్లు పెట్టింది. "ఒకే ఇంట్లో కాపురం, ఒకరి మొహం ఒకరు చూసుకోరు," అనేది.

పెద్దకోడలికి ముందు నంబరు చెప్పి తర్వాత పని చెప్పాలి. చిన్నకోడలికి ముందు పని, తర్వాత నంబరు. పెద్దకోడలు ఊరికే చూపించడానికి కూడా "నిజంగానేనా?" అని రెండుసార్లు అడుగుతుంది. చిన్నకోడలు చెరిపేసేటప్పుడు కూడా ఒక్క మాట అడగదు. పని అయ్యాక ఆవిడ "అయింది" అంటుంది, ఈవిడ నోరు విప్పదు. వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. పెద్దకోడలు పెట్టెల్ని ఒకటి నుంచి లెక్కపెడుతుంది, చిన్నకోడలు సున్నా నుంచి. ఆవిడ ఏడు అన్నదాన్ని ఈవిడ ఆరు అంటుంది.

అక్క చేరిన రెండో నెలలో, పై గదిలో ఉన్నాయన దీనివల్లే ఒక మంచి పెట్టెని తీసేశాడు. అది చచ్చినదాని జంట కాదు కాబట్టి ఏమీ పోలేదు. ఇంజనీరు కిందికొచ్చి తల గోక్కుంటున్నాడు. అక్క చేతిలో తుడిచే గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది.

"సార్, ఆ రెండో దాన్ని కూడా ఒకటి నుంచే లెక్కపెట్టమని చెప్పలేరా?"

"రెండూ వేరేవేరే వాళ్ళు రాశారమ్మా."

"రాసినవాళ్ళు వేరైతేనేం సార్, చచ్చేది మా పెట్టెలే కదా?"

ఇంజనీరు నవ్వి వెళ్ళిపోయాడు. మర్నాడు అక్క రెండు టేపు చుట్టలతో వచ్చింది. ప్రతి పెట్టె మూతి మీద తెల్ల టేపు ముక్క, దాని మీద పెద్దకోడలి నంబరు. కింద ఎర్ర టేపు ముక్క, దాని మీద చిన్నకోడలి నంబరు. నలభై పెట్టెలకీ అంటించడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

"తమ్ముడూ, బుర్రకి పని పెట్టొద్దు. పెట్టె పోతే స్క్రీన్ చూసి తెల్ల నంబరుతో వెతుక్కో. పైకి చెప్పేటప్పుడు ఎర్రది మాత్రమే చెప్పు. ఇంకేమీ చెప్పకు."

అలా మాకొక పద్ధతి పడింది. హాల్లో మనిషి చచ్చిన పెట్టె ముందు నిలబడి ఎర్ర నంబరు వాకీటాకీలో చెప్పాలి. పైన మనిషి దాన్ని తిరిగి చెప్పాలి. హాల్లో మనిషి పెట్టె మీద అరచెయ్యి ఆనించి "చెయ్యి పెట్టాను" అనాలి. అప్పుడే పైన నొక్కాలి. తొమ్మిదేళ్ళలో ఒక్క పెట్టె కూడా తప్పుగా తీసెయ్యలేదు. ఆఫీసులో ఎవరికీ ఈ సంగతి తెలియదు. తప్పు జరగని చోటికి ఎవరూ వచ్చి చూడరు.

అయినా ఆమె ఊరుకోలేదు. రూళ్ళ కాయితం మీద మూడుసార్లు ఆఫీసుకి రాసిచ్చింది, రెండు ప్రోగ్రాముల లెక్కా ఒకటి చెయ్యండని. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి "గమనించాం" అని ముద్ర వేసి పంపారు. మూడోసారి సూపర్వైజరు పిలిచి, "తుడిచే మనిషివి, తుడువు," అన్నాడు. అప్పటికి ఆమె తుడవడం మానేసి నాలుగేళ్ళయింది. డిస్కులు మార్చేది, వైర్లు బిగించేది, నాకు పని చెప్పేది. అది ఆయనకి తెలియకపోలేదు.

వాళ్ళాయన టైలరు. ఇంటి ముందు గదే కొట్టు. నేను బావా అనేవాణ్ణి. ఆయనకి రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. కుడి కంటికి వెలుతురు తప్ప ఏమీ తెలిసేది కాదు. అక్క పొద్దున్నే పనికి బయల్దేరే ముందు ఇరవై సూదుల్లో దారాలు ఎక్కించి దిండులో గుచ్చి వచ్చేది. ఎడమవైపు నల్లదారం, కుడివైపు తెల్లదారం. ఆయన తడుముకుని తీసుకునేవాడు.

"ఏం బావా, నేనెవరో చెప్పుకో చూద్దాం?" అనేవాణ్ణి గుమ్మంలోంచి.

"గొంతు అలా ఉంటే మొహం చూసే ఖర్మ ఎందుకురా బామ్మర్దీ? ఆ దేవుడు నా కళ్ళు తీసి నీ విషయంలో మేలే చేశాడు."

"ఆపరేషనయ్యాక నన్ను చూసి జడుసుకుంటావులే."

"అందుకేగా వాయిదా వేస్తున్నాను."

వాయిదా వేసింది ఆయన కాదు. కాంట్రాక్టు మనుషులకి ఆసుపత్రి కార్డు ఉండదు. పర్మినెంటు అయితే ఇంటిల్లిపాదికీ ఇస్తారు. పెద్దాసుపత్రిలో ఉచితంగా చేస్తారు గానీ ఆ వరస ఏడాది పైమాటే. అందుకే ఆ ఏడాది పై గది కీబోర్డు మనిషి మానేసినప్పుడు, మేనేజరు అక్కని పిలిచి, "నెలరోజులు కూర్చుని చూపించు, తప్పు లేకుండా చేస్తే పర్మినెంటు," అన్నప్పుడు, ఆమె కిందికొచ్చి నా ముందు నిలబడింది. తర్వాత జేబులోంచి రెండు టేపు చుట్టలూ తీసి నా చేతిలో పెట్టింది.

"ఇక హాలు నీది. ఊడిపోయినవి ఎప్పటికప్పుడు మార్చు. నేను పైన ఉంటాను. నీ నోరే నాకు కన్ను."

ఇరవై ఐదు రోజులు ఏ గొడవా లేకుండా గడిచాయి. మధ్యలో రెండు పెట్టెలు పోయాయి. నేను ఎర్ర నంబరు చెప్పాను, ఆమె తిరిగి చెప్పింది, నేను చెయ్యి పెట్టాను, ఆమె నొక్కింది.

ఇరవై ఆరో రోజు మధ్యాహ్నం ఆమె పూట సెలవు పెట్టి బావని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కార్డు చేతికొచ్చేలోపు ఏ పరీక్షలు చేయించుకోవాలో కనుక్కుందామని. ఆమె అటు వెళ్ళగానే సూపర్వైజరు హాల్లోకి వచ్చాడు. చేతిలో కొత్త స్టిక్కర్ల కాయితాలు.

"రేపు పై కంపెనీవాళ్ళు చూడ్డానికొస్తున్నారు. ఈ చెత్త టేపులేమిటి, సైకిల్ రిపేరు కొట్టులాగా? అన్నీ పీకేసి ఇవి అంటించు."

"సార్, అవి ఊరికే అంటించినవి కావు. పైకి చెప్పే నంబర్లు."

"నంబరు స్టిక్కర్ మీద ఉందిగా?"

"అందులో ఒకటే ఉంది సార్. రెండుండాలి."

"పెట్టెకి రెండు నంబర్లేమిటి? నీకు ఇద్దరు నాన్నలా?" అని ఆయనే నవ్వాడు. "సాయంత్రానికల్లా అయిపోవాలి."

నేను ఇంకొక మాట అనొచ్చు. అక్క వచ్చేదాకా ఆగండి అనొచ్చు. అనలేదు. పొద్దుట్నుంచీ పెట్టెలెత్తి నడుం పట్టేసి ఉంది, ఆయనతో వాదించే ఓపిక లేదు. బ్లేడు తీసుకుని నలభై పెట్టెల మీదా తొమ్మిదేళ్ళ టేపులు గీకేశాను. జిగురు పోకపోతే గుడ్డకి థిన్నరు రాసి రుద్దాను. కొత్త స్టిక్కర్లు అంటించాను. తెల్ల స్టిక్కరు మీద ఒకే నంబరు, ఒకటి నుంచి నలభై దాకా. పెద్దకోడలి లెక్క. అంకెలు మాత్రం ఎర్ర సిరాతో ఉన్నాయి. మా కంపెనీ రంగు ఎరుపు.

అక్కకి పొద్దున్నే చెబుదామనుకున్నాను. పొద్దున ఆమె వచ్చేసరికి నన్ను గేటు దగ్గర కుర్చీలు మొయ్యమని పంపారు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు చెబుదాంలే అనుకున్నాను.

పదకొండింటికి పై కంపెనీవాళ్ళు హాల్లో ఉండగా ఒక పెట్టె పోయింది. లైటు ఆరిపోయింది. కోట్లు వేసుకున్న ఆరుగురు నా వెనక నిలబడ్డారు. సూపర్వైజరు వాళ్ళకి చెబుతున్నాడు, "ఇప్పుడు చూడండి, రెండు నిమిషాల్లో మార్చేస్తారు." నేను చిన్న స్క్రీన్ చూశాను, ఇరవై మూడు. పరుగున వెళ్ళి దాని ముందు నిలబడ్డాను. దాని మూతి మీద ఎర్ర అంకెలు. వాకీటాకీ నొక్కాను.

"ఇరవై మూడు."

"ఇరవై మూడు," అంది అక్క పైనుంచి.

అరచెయ్యి ఆనించాను. "చెయ్యి పెట్టాను."

తొమ్మిదేళ్ళుగా నా కన్ను ఎరుపు చూస్తుంది, నా నోరు ఎరుపు చెబుతుంది. ఆమె వేళ్ళు నా నోటిని నమ్ముతాయి. పద్ధతిలో ఎక్కడా తేడా రాలేదు. నేను చెప్పాల్సింది ఇరవై రెండు.

చిన్నకోడలు ఏమీ అడగలేదు. నా చెయ్యి ఇంకా ఇరవై మూడు మీదే ఉంది. పక్కన ఇరవై నాలుగు మీద పచ్చలైటు పసుపులోకి మారింది. తర్వాత అదీ ఆరింది.

"అక్కా, ఆపు," అన్నాను.

"ఏం ఆపమంటావురా? నొక్కేశాను," అంది. ఒక క్షణం ఆగి, "ఎర్రది ఎంత?" అంది.

నేను స్టిక్కరు కింద గోటితో తడిమాను.

"ఒరేయ్, ఎర్ర టేపు మీద ఎంతుంది?"

"ఎర్ర టేపు లేదక్కా."

పదకొండు వేల మంది రిపోర్టులు పోయాయని సాయంత్రానికి తేలింది. రెండు పెట్టెల్లోనూ లేవు, ఇంకెక్కడా లేవు. మళ్ళీ రక్తం ఇవ్వాలి, మళ్ళీ స్కానింగు తీయించుకోవాలి. ఇచ్చేవాళ్ళు ఇస్తారు. అప్పటికే గడ్డ తీసేసినవాళ్ళు ఆ పాత ఫోటో మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తారు?

మర్నాడు మూడో అంతస్తులో విచారణ పెట్టారు. పొడుగు బల్ల అవతల మేనేజరు, సూపర్వైజరు, రాసుకోవడానికి ఒకామె. ఇవతల అక్క, నేను. అక్కకి కుర్చీ వేశారు, నాకు వెయ్యలేదు.

మేనేజరు ముందు నన్నడిగాడు. "చచ్చిన పెట్టె నంబరెంత?"

"ఇరవై మూడు సార్."

"నువ్వు చెప్పిన నంబరెంత?"

"ఇరవై మూడు."

"సరిగ్గానే చెప్పావు. సంతకం పెట్టు."

అంతే అడిగారు. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. పెన్ను తీసుకున్నాను. మా పద్ధతిలో చెప్పాల్సిన నంబరు అది కాదని, తప్పు నా నోట్లోంచి వచ్చిందని, టేపులు పీకింది ఎవరో, పీకించింది ఎవరో ఆ గదిలో తెలిసినవాళ్ళం ముగ్గురం. సూపర్వైజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అక్క నా చేతికేసి చూస్తోంది. నేను సంతకం పెట్టాను.

తర్వాత ఆమెనడిగారు. "నొక్కింది ఎవరు?"

"నేనే సార్."

"ఆ ప్రోగ్రాము సున్నా నుంచి లెక్కపెడుతుందని నీకు తెలుసా?"

"తెలుసు సార్. మీకు తెలియకముందే తెలుసు. మూడుసార్లు రాసిచ్చాను, రెండిటికీ ఒకే లెక్క పెట్టండని. కాయితాలు మీ బీరువాలోనే ఉంటాయి."

"ప్రోగ్రాములో తప్పేమీ లేదమ్మా. దాని పుస్తకంలో స్పష్టంగా రాసుంది."

"రెండోదాని పుస్తకంలోనూ స్పష్టంగానే రాసుంది సార్. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్ళు ఈ బిల్డింగులో ఎవరున్నారు?"

"టేపుల సంగతేదో అంటున్నారు?" అన్నాడు మేనేజరు, సూపర్వైజరు వైపు తిరిగి.

"రూల్సులో టేపులనేవి లేవు సార్," అన్నాడు ఆయన. అదీ నిజమే.

మేనేజరు మళ్ళీ అక్కని అడిగాడు. "ఇంకేమైనా చెప్పాలా?"

ఆమె నా వైపు చూసింది. ఎర్ర నంబరు చెప్పడం నా పని అని ఒక్క మాట అంటే చాలు. "ఏం లేదు సార్," అంది.

రాసుకునే ఆవిడ "మనిషి పొరపాటు" అని రాసింది. బల్లకి ఇవతలనుంచి కూడా ఆ అక్షరాలు కనబడ్డాయి. ఆ సాయంత్రమే అక్క కోటు తీసుకున్నారు, గేటు కార్డు తీసుకున్నారు.

గేటు బయట ఆమె వెనకాలే నడిచాను. "ఎందుకు చెప్పలేదక్కా? నేనే తప్పు చెప్పానని చెప్పాల్సింది."

ఆమె ఆగలేదు. "నిన్నేదో కాపాడాననుకుని మురిసిపోకు. నీ పేరు చెబితే నిన్నూ పంపేసేవాళ్ళు, నన్నూ పంపేసేవాళ్ళు. ఒక నోటికి బదులు రెండు నోళ్ళకి అన్నం పోయేది. అంతే లెక్క." కొంచెం దూరం వెళ్ళాక అంది, "చెప్పేవాడివి నువ్వు కదరా. అడిగే దాకా ఎందుకు ఆగావు? అడిగాక ఎందుకు ఆగావు?"

బస్సు వచ్చింది, ఎక్కేసింది.

రెండు నెలలకి మా హాల్లో కొత్త పద్ధతి అని నోటీసు పెట్టారు. ప్రతి పెట్టెకీ రెండు స్టిక్కర్లు, ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు, రెండు ప్రోగ్రాముల నంబర్లూ అచ్చేసి. సూపర్వైజరు ఆలోచన అని కింద రాసుంది. ఆయనకి ఆఫీసు హాల్లో దండ వేశారు. స్టిక్కర్లు అంటించింది నేనే. రెండు ప్రోగ్రాములూ ఈ రోజుకీ ఎవరి లెక్క వాళ్ళదే.

ఆ నెలలోనే నాకు పర్మినెంటు చేశారు. పై గదిలో ఖాళీ ఉంది, తొమ్మిదేళ్ళుగా ఒక్క తప్పూ లేని మనిషి అన్నారు. ఆసుపత్రి కార్డు వచ్చింది. మా ఇంట్లో అందరి కళ్ళూ బాగానే ఉన్నాయి.

పర్మినెంటు వాళ్ళకి నీలం యూనిఫాం ఇస్తారు. ప్యాంటు పొడుగైంది. వేరే టైలరు దగ్గరికి వెళ్ళొచ్చు. కాళ్ళు అటే తీసుకెళ్ళాయి. గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాను.

బావ తల ఎత్తలేదు. "ఎవరు?" అన్నాడు.

తొమ్మిదేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అడగలేదు. నా గొంతు గుర్తుపట్టే అడిగాడని నాకు తెలుసు. "నేనే బావా, ప్యాంటు తగ్గించాలి," అన్నాను. చెయ్యి చాపి తీసుకున్నాడు. నీలం రంగు ఆయనకి తెలియదు. లోపలినుంచి వచ్చిన అక్కకి తెలిసింది. ఆమె దాన్ని చూసి, నన్ను చూసి, మిషను పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టింది. ఇప్పుడు ముందుగా ఇరవై ఎక్కించాల్సిన పని లేదు, ఇంట్లోనే ఉంటుంది కదా.

"స్టిక్కర్లు పెట్టారటగా?" అంది కాసేపటికి.

"పెట్టారక్కా. నీ లెక్కే."

"ఏది పైన?"

"ఎరుపు పైన, తెలుపు కింద."

దారం ఎక్కిస్తున్న చెయ్యి ఆగింది. "తలకిందులు పెట్టారు. మనిషి పైనుంచి చదువుతాడు. మొదట వెతుక్కోవాల్సింది తెలుపు, ఆఖర్న చెప్పాల్సింది ఎరుపు. నోట్లోకి వెళ్ళేది ఆఖర్న కంట పడాలి. వాళ్ళకి చెప్పు."

"చెబుతాను," అన్నాను.

చెప్పలేదు. చెబితే ఎవరు చెప్పారని అడుగుతారు.

బావ నన్ను నిలబెట్టి, సుద్దముక్క పెట్టకుండా, వేళ్ళతో చీలమండ దగ్గర కొలిచాడు. పెద్దాసుపత్రి వరసలో పేరు రాయించారట, పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదట. అది అక్కే చెప్పింది.

నాలుగు రోజులకి ప్యాంటు తెచ్చుకున్నాను. ఎడమ కాలు కుడి కాలికంటే అంగుళం పొట్టి. మా ఆవిడ చూసి పకపకా నవ్వింది.

"ఎవరు కుట్టారండీ ఇది? కళ్ళు మూసుకుని కుట్టాడా? విప్పండి, వీధి చివర కొట్లో సరిచేయిస్తాను."

"అక్కర్లేదు," అన్నాను.

రోజూ అదే వేసుకుని పనికి వెళ్తున్నాను.